గొలుసు కుక్కలు: గడపగడపలోనూ వినిపించే అపోహలు

ఎప్పుడూ గొలుసుతో కట్టేసి ఉంచే కుక్కలను విడిపించే పనిలో ఇంటింటికీ తిరుగుతుంటాను. ఏ గడప తొక్కినా దాదాపు అవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: కట్టేసి ఉంచితేనే బాగా కాపలా కాస్తుంది.

గొలుసు దాటి ఒక్క అడుగు వేయలేని కుక్క దొంగను ఎలా ఆపుతుంది? మొరగగలదు, అంతే. పిల్లి కనబడినా, ఆకు రాలినా ఒకే తీరున మొరిగే కుక్కను కొన్నాళ్లకు ఇంటివాళ్లే పట్టించుకోవడం మానేస్తారు. అయినవాళ్లెవరో, కొత్తవాళ్లెవరో కుక్కకు తెలియాలంటే అది మనుషుల మధ్య మసలాలి.

అపోహ: వదిలితే కరుస్తుంది, అందుకే కట్టేశాం.

అన్నిటికంటే ఎక్కువగా వినేది ఇదే. భయపడిన కుక్క పారిపోవాలని చూస్తుంది, వీలుకాకపోతే ఎదురు తిరుగుతుంది. గొలుసు ఆ మొదటి దారిని మూసేస్తుంది. ఇక దగ్గరికి వచ్చే ప్రతి కాలూ దానికి ముప్పుగానే కనిపిస్తుంది. అమెరికాలోని డెన్వర్‌లో కరిచిన కుక్కలను కరవని కుక్కలతో పోల్చిన అధ్యయనం 1994లో వెలువడింది. పెరట్లో కట్టేసి ఉంచే కుక్కలు కరిచే అవకాశం 2.8 రెట్లు ఎక్కువని అందులో తేలింది. కట్టేసినందుకు కరిచాయా, కరిచే గుణం ఉందని కట్టేశారా అన్నది ఆ అంకె ఒక్కటే చెప్పదు. కానీ గొలుసు ఉంది కదా అన్న ధీమాతో పిల్లలను దాని దగ్గరికి పోనివ్వడం మాత్రం చాలా ప్రమాదం.

అపోహ: దానికి అలవాటైపోయింది, వేళకు తిండి పెడుతున్నాం కదా.

ఒక పెరట్లో చూసిన కుక్క ఇప్పటికీ నా కళ్లలో మెదులుతుంది. గుంజ చుట్టూ గొలుసు పొడవు మేర నేల గచ్చులా బిగుసుకుపోయింది, గడ్డిపోచ కూడా లేదు. ఆ గుండ్రానికి జానెడు అవతల నీళ్ల గిన్నె బోర్లా పడి ఉంది. గొలుసు తగిలి దొర్లిపోయింది. మెడ దగ్గర వెంట్రుకలు తప్పించి చూస్తే పట్టీ చర్మంలోకి దిగిపోయి ఉంది. పిల్లగా ఉన్నప్పుడు కట్టిన పట్టీ అది, మార్చాలని ఎవరికీ తోచలేదు. ఆ యజమాని చెడ్డవాడు కాడు, రోజూ తిండి పెడుతూనే ఉన్నాడు. పశువైద్యుడు మత్తిచ్చి పట్టీ కోసి తీశాక, దాన్ని చేతిలో పట్టుకుని ఆ యజమాని చాలాసేపు మాట్లాడలేదు. గొలుసు విప్పినా ఆ కుక్క చాలా రోజులు అదే గుండ్రంలో తిరిగింది. దాన్ని అలవాటు అనడానికి నాకు నోరు రాదు.

అపోహ: నా కుక్క నా ఇష్టం, చట్టానికేం పని?

భారతదేశపు జంతుహింస నిరోధక చట్టం 1960 నుంచే ఉంది. మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువైన గొలుసుతోనో గంటల తరబడి కట్టి ఉంచడం, ఎప్పుడూ కట్టేసి ఉండే కుక్కను తగినంత తిప్పకపోవడం దాని 11వ సెక్షన్ కింద క్రూరత్వమే. ఆస్ట్రియాలో 2005 నుంచి కుక్కను కాసేపైనా గొలుసుతో కట్టి ఉంచకూడదు.

అపోహ: విప్పితే పారిపోతుంది.

ఉన్నపళంగా వదిలేయమని మేమూ చెప్పం. ముందు కంచెలో సందులు మూయండి. మగకుక్కకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయిస్తే తిరుగుళ్లు చాలావరకు తగ్గుతాయి. తర్వాత పొడవాటి తాడు చేతిలో పట్టుకుని రోజూ కాసేపు పెరడంతా వాసన చూడనివ్వండి, పిలిస్తే వచ్చిన ప్రతిసారీ ఇష్టమైనదేదైనా పెట్టండి. కొన్ని వారాలు పట్టవచ్చు, విసుక్కోకండి. అన్నిటికంటే ముందు ఈరోజే దాని మెడపట్టీ కింద రెండు వేళ్లు దూరుతున్నాయో లేదో చూడండి.