ఊదితే సున్నా వచ్చినా కేసు ఎందుకు: 1994లో వదిలేసిన సగం

అలిపిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కే టాక్సీ డ్రైవర్ల మధ్య, చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ మీదుగా బెంగళూరుకు లారీలు తోలేవారి మధ్య ఒక పాత ప్రశ్న మళ్లీ నలుగుతోంది. బ్రెత్ అనలైజర్‌లో ఊదితే సున్నా వచ్చిన మనిషి మీద, డాక్టరు రాసిన మాత్ర వేసుకున్నాడని కేసు పెట్టవచ్చా? ఆ మాత్ర వల్ల బండి అదుపు చేయలేని స్థితిలో ఉన్నాడని పోలీసులు చూపగలిగితే, మద్యం లేదా డ్రగ్ ప్రభావంతో బండి నడపడాన్ని నేరమనే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద పెట్టవచ్చు. చలానా కట్టి బయటపడే కేసు కూడా కాదది, కోర్టుకు వెళ్లాల్సిందే.

ఈ సంగతి డ్రైవర్లకు చేరకపోవడంలో మన మాటల పాత్ర కొంత ఉంది. తెలుగులో మందు అంటే వైద్యుడు ఇచ్చేదీ, సీసాలో తాగేదీ రెండూ. చట్టంలోని డ్రగ్ అనే మాటను పత్రికలు మాదకద్రవ్యమని రాస్తూ రావడంతో, గంజాయి ముట్టనివాడికి ఆ సెక్షన్‌తో పనిలేదన్న నమ్మకం స్థిరపడింది.

ఈ సెక్షన్ కథలో అసలు మలుపు దగ్గరికి వద్దాం. 1988లో చట్టం చేసినప్పుడు రక్తంలో మద్యం ఎంత స్వల్పంగా ఉన్నా నేరమే. 1994 సవరణ దాన్ని మార్చి, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటినట్టు బ్రెత్ అనలైజర్‌లో తేలితేనే నేరమంది. మద్యానికి కొలత వచ్చింది, కొలిచే యంత్రం వచ్చింది, కోర్టులో వాదించుకోవడానికి ఒక అంకె వచ్చింది. దాని పక్కనే ఉన్న రెండో క్లాజుకు, అంటే డ్రగ్ ప్రభావంతో వాహనాన్ని అదుపు చేయలేని స్థితిలో ఉండటమనే నేరానికి, అంకె ఏదీ రాలేదు. ఈనాటి తగవంతా ఆ ఖాళీలోనే ఉంది.

పరీక్షల తీరు చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. అదే చట్టంలో పరీక్షల గురించి చెప్పే 203, 204 సెక్షన్లు మద్యాన్ని మనసులో పెట్టుకొని రాసినవి: ముందు ఊపిరి పరీక్ష, అందులో మద్యం జాడ కనిపిస్తేనో, ఊదడానికి నిరాకరిస్తేనో రక్త పరీక్ష. 185 కింద అరెస్టు చేసిన వ్యక్తికి 2 గంటల్లోగా వైద్య పరీక్ష జరగకపోతే వదిలిపెట్టాలి. మాత్ర వేసుకున్నవాడి ఊపిరిలో యంత్రానికి ఏమీ దొరకదు కనుక, ఆచరణలో మిగిలేది అధికారి కంటికి కనిపించిన మాట తడబాటూ, వాలిపోతున్న రెప్పలూ. చెన్నై నుంచి రాత్రంతా బండి తోలుకొచ్చి తెల్లవారుజామున కొండ ఎక్కుతున్న మనిషిలో నిద్రలేమికీ, మాత్ర మత్తుకూ తేడా చెప్పడం వైద్యుడికే కష్టం.

2019 సవరణ ఈ ఖాళీని పూరించకుండానే పరిధిని పెంచింది. మొదటి నేరానికి జరిమానా 2,000 నుంచి 10,000 రూపాయలకు చేరింది, 6 నెలల వరకు జైలు అలాగే ఉంది. ప్రయోగశాల పరీక్షను కూడా సెక్షన్‌లో చేర్చారు కానీ, ఆ మాట మద్యం క్లాజులోనే పడింది. అంతకంటే ముఖ్యమైనది డ్రగ్‌కు ఇచ్చిన కొత్త నిర్వచనం. మద్యం కాని, మత్తు కలిగించే ఏ పదార్థమైనా అందులోకి వస్తుంది, మాదకద్రవ్యాలను అదుపు చేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చే సైకోట్రోపిక్, అంటే మనసు మీద పనిచేసే పదార్థాలూ వస్తాయి. ఆందోళనకు, నిద్రకు రాసే ఆల్ప్రజోలం, క్లోనజెపాం, డయజెపాం ఆ కోవలోవే. నొప్పికి వాడే ట్రమడాల్ ఆ చట్టం జాబితాలో 2018లో చేరింది. జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమిన్, అలర్జీకి వాడే సిట్రిజిన్ ఆ జాబితాలో లేకపోయినా, మత్తు కలిగించే పదార్థమన్న విశాలమైన మాట కిందికి అవి వస్తాయా అన్నది వాదనకు వదిలేసినట్టే.

పోలీసుల పక్షాన చెప్పవలసింది ఒకటుంది. మలుపులో రెప్ప వాలితే లోయలో పడేది యాత్రికులు, అది ఏ మాత్ర వల్ల వాలిందన్నది వారికి అనవసరం.

అయితే డ్రైవరుకు ముందే చెప్పాల్సిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు చట్టంలో జవాబు పలుచగా ఉంది. 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్1 షెడ్యూలు, అంటే చీటీ మీదే అమ్మాల్సిన కొన్ని మందుల జాబితా, ప్రకారం ఆల్ప్రజోలం, డయజెపాం, ట్రమడాల్ వంటి మందుల పెట్టెల మీద ఎర్ర గీతల మధ్య హెచ్చరిక ముద్రించాలి, మందుల షాపువారు ఎవరికి అమ్మారో రిజిస్టరులో రాసి 3 ఏళ్లు ఉంచాలి. ఆ హెచ్చరిక వైద్య సలహా లేకుండా వాడటం ప్రమాదమనీ, చీటీ లేకుండా అమ్మకూడదనీ చెబుతుంది. బండి నడపడం గురించి అందులో ఒక్క మాట లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2015 మార్చి నుంచి డయజెపాం, క్లోనజెపాం వంటి మందులకు రక్తంలో పరిమితులు పెడుతూనే, వైద్యుడు చెప్పినట్టే వాడి, నడిపే సామర్థ్యం తగ్గని వ్యక్తికి ఆ పరిమితి నేరం నుంచి రక్షణ ఇచ్చారు. మన 185లో అలాంటి వాక్యం లేదు.

అందువల్ల ఇక్కడ డాక్టరు చీటీ రెండు వైపులా పనిచేస్తుంది. ఎన్‌డీపీఎస్ చట్టం ముందు అది రక్షణ. మోటారు వాహనాల చట్టం 186వ సెక్షన్ ముందు మాత్రం, ప్రజలకు ప్రమాదం తెచ్చే జబ్బు ఉందని తెలిసే నడిపాడనడానికి అదే ఆధారం కావచ్చు. నిర్లక్ష్యంగా నడపడం వల్ల మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద శిక్ష 5 ఏళ్ల వరకు ఉంటుంది. సొంత వాహనానికి జరిగిన నష్టానికి బీమా సొమ్ము అడిగినప్పుడు, ఊపిరి పరీక్ష జరగకపోయినా డ్రైవరు మద్యం ప్రభావంలో ఉన్నాడని బీమా సంస్థ ఇతర ఆధారాలతో నిరూపించవచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. పాలసీల్లో తాగి నడిపితే సొమ్ము ఇవ్వమనే మినహాయింపు పక్కనే డ్రగ్ అన్న మాట కూడా ఉంటుంది కాబట్టి, అదే వాదన మాత్రల దాకా రావడానికి పెద్ద దూరం లేదు.

మన చీటీల్లో మాత్ర పేరు పక్కన 0-0-1 అని రాస్తారు. రాత్రికి ఒకటి అని అర్థం. రాత్రి పడుకునే మనిషిని ఊహించుకొని రాసిన అంకె అది. బస్టాండు దగ్గర రాత్రి పది గంటలకు బండి తీసే డ్రైవరు కూడా ఆ మాత్రను రాత్రికే వేసుకుంటాడు.