థర్మాకోల్ రెక్కకి ముందు జిగురా, ముందు పూతా?

పాలకొల్లు నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి అడిగాడు: "భీమవరం నుంచి రొయ్యల ప్యాకింగ్ థర్మాకోల్ పెట్టెలు తెచ్చి, మూతలు కోసి ఆర్‌సీ (రిమోట్‌తో ఎగిరే) విమానం కట్టానండీ. స్ప్రే రంగు వేస్తే థర్మాకోల్ కరుగుతుందని విని, ముందే ముక్కలన్నిటికీ తెల్ల గమ్‌లో నీళ్లు కలిపి పూత వేశాను. ఆరాక అదే గమ్‌తో రెక్కలు అతికించాను. మూడు రోజులు ఆగి ఎండలో పెడితే అతుకు జారిపోయింది. రంగు వేసిన చోట గుంటలు కూడా పడ్డాయి. దిష్టి తగిలిందని ఇంట్లో నిమ్మకాయ తిప్పారు. తప్పెక్కడ జరిగింది?"

గమ్ మంచిదే, పూత ఆలోచనా మంచిదే. ఏది ముందు, ఏది తర్వాత అన్న దగ్గర తేడా వచ్చింది. దిష్టికి ఇందులో పనేమీ లేదు గానీ, నిమ్మకాయకి ఉంది. ఇంకో కాయ కోసి, రసం ఒక చుక్క థర్మాకోల్ ముక్క మీద వేయండి. ఏమీ కాదు. ఇప్పుడు తొక్కని మడిచి, దాన్లోని నూనె తుంపరలా పడేలా గట్టిగా నొక్కండి. కాసేపటికి తుంపర పడిన చోట ఆవగింజంత గుంటలు తేలతాయి. కమలా తొక్కతో ఇంకా బాగా కనిపిస్తుంది. ఒకే కాయలో రసం థర్మాకోల్‌ని ముట్టుకోలేదు, తొక్క నూనె తినేసింది. ఆ నూనెలో ఉండేది లిమొనీన్ అనే ద్రవం.

ఎందుకిలా? థర్మాకోల్ అంటే పాలిస్టైరీన్. పొడవాటి గొలుసుల్లాంటి అణువులు చిక్కుపడ్డ చేపల వలలా కలిసిపోయి ఉంటాయి. కరగడమంటే ఆ పోగులు తెగడం కాదు. ద్రవం వాటి మధ్య దూరి చిక్కు వదులు చేయడం. ఏ ద్రవం దూరగలదో చెప్పడానికి జోయెల్ హిల్డెబ్రాండ్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఒక కొలత ఇచ్చాడు. ఒక పదార్థంలోని అణువులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుని ఉంటాయో ఆ అంకె చెబుతుంది. రెండు పదార్థాల అంకెలు దగ్గరగా ఉంటే అవి కలిసిపోతాయి. పాలిస్టైరీన్ 18.5 దగ్గర, టోలీన్ 18.2, ఎసిటోన్ 20, ఆల్కహాల్ 26, నీళ్లు దాదాపు 48. ఇంటర్లో "సజాతి ద్రావణిలో సజాతి కరుగుతుంది" అని ఒక్క వాక్యం బట్టీ పట్టించి వదిలేస్తారు. ఈ అయిదు అంకెలు బోర్డు మీద రాసి, పక్కన ఒక థర్మాకోల్ ముక్క పెడితే ఆ పాఠం పిల్లలు జన్మలో మర్చిపోరు.

ఇక ఏ డబ్బా చేతికొచ్చినా ఆ లెక్కతోనే చూడొచ్చు. చెప్పుల షాపులో అతికించడానికి వాడే సొల్యూషన్‌లో సాధారణంగా టోలీన్ లాంటివే ఉంటాయి, కాబట్టి పనికిరాదు. ఫెవిక్విక్ లాంటి ఇన్‌స్టంట్ గమ్‌లోని సయనోయాక్రిలేట్ ద్రవం కూడా పాలిస్టైరీన్‌ని కరిగిస్తుంది, పైగా గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది. దాన్ని గట్టిపరిచేది గాలిలోని తేమే. అందుకే మన డెల్టా గాలిలో చటుక్కున పట్టేస్తుంది, అతుకు చుట్టూ తెల్లటి బూజులాంటి పొర కూడా వదులుతుంది. ఇంత చిన్న చుక్కకి అంత పెద్ద గుంట పడటానికి ఇంకో కారణముంది: థర్మాకోల్‌లో దాదాపు 98 శాతం గాలే. ఆ గాలి నిండిన చిన్న చిన్న గదుల గోడలు మైక్రాన్లలో కొలవాల్సినంత పల్చన. గోడ కాస్త మెత్తబడితే చాలు, గది కూలి గాలి బయటికి పోతుంది.

మరి స్ప్రే రంగులోని ద్రావణిని (రంగుని కరిగించి ఉంచే ద్రవాన్ని) తెల్ల గమ్ పూత ఆపాలి కదా? ఇక్కడే చాలామంది పొరబడతారు. తెల్ల గమ్‌లోని పాలీవినైల్ ఎసిటేట్ అంకె కూడా 20 దగ్గరే. అంటే స్ప్రేలోని ద్రావణికి అది కూడా చుట్టమే. ఆ పూత ద్రావణిని కాసేపు ఆలస్యం చేస్తుంది తప్ప పూర్తిగా ఆపదు. గమ్‌లో నీళ్లు ఎక్కువైతే థర్మాకోల్ పూసల మధ్య సందులు కూడా మూసుకోవు. ఆ సూదిమొనంత రంధ్రంలోంచి ద్రావణి లోపలికి దిగి, పైపొరని వదిలేసి కింద థర్మాకోల్‌ని తింటుంది. రంగు నున్నగా మెరుస్తూ కనిపిస్తుంది, వేలితో నొక్కితే లోపలికి దిగిపోతుంది.

అతుకు జారడానికి కారణం ఇంకొకటి. తెల్ల గమ్‌లో దాదాపు సగం నీళ్లే. ఆ నీళ్లు పోయాకే అందులోని రేణువులు దగ్గరై ఒక్క పొరగా కలుస్తాయి. పూత లేని థర్మాకోల్‌లో పూసల సందుల్లోంచి ఆవిరి మెల్లగానైనా వెళ్తుంది. రెండు వైపులా ముందే పూత వేస్తే ఆ దారి మూసుకుపోయింది. వెళ్లలేని నీళ్లు పాత పూతని కూడా నానబెట్టాయి. దానికి తోడు పాలీవినైల్ ఎసిటేట్ 30, 40 డిగ్రీల మధ్యే మెత్తబడిపోతుంది, తేమ మిగిలి ఉంటే ఇంకా ముందే. పాలిస్టైరీన్‌కి ఆ హద్దు 100 డిగ్రీల దాకా ఉంది. పాలకొల్లు ఎండలో రెక్కకి ఏమీ కాలేదు, అతుకు మాత్రం జారింది.

ఇప్పుడు చేయాల్సింది: అతుకు పడే పట్టీ వరకు పాత పూతని గరుకు కాగితంతో గీసి తీసేయండి. పూత మీదే అతికిస్తే ఎంత మంచి జిగురైనా ఆ పూతతో సహా ఊడి వస్తుంది. తర్వాత రెండు ట్యూబుల్లోది కలిపి రాసే ఎపాక్సీ జిగురు వాడండి. అందులో ఎగిరిపోవాల్సిన నీళ్లూ ఉండవు, ద్రావణీ ఉండదు, రసాయన చర్యతోనే గట్టిపడుతుంది. అయితే ముద్దగా పెట్టకూడదు, ఆ చర్యలో వేడి పుడుతుంది. పల్చగా రాసి రాత్రంతా వదిలేయండి. పూత ఆ తర్వాతే. రంగుకి స్ప్రే మానేసి, నీళ్లలో కలిపే యాక్రిలిక్ తీసుకోండి. కింద తెల్ల గమ్ పూత ఉన్న చోట అది మళ్లీ నానకుండా పల్చటి పొరలుగా వేసి, ఒక్కో పొరా ఆరాకే రెండోది వేయండి.