స్తంభం ఊరిది, షరతులు వాషింగ్టన్‌వి

ఇళ్ల మధ్య సెల్ టవర్లు, వీధి దీపాల స్తంభాల మీద యాంటెన్నాలు ఎక్కడ ఉండాలో నిర్ణయించే అధికారం ఎవరిదన్న వివాదం అమెరికాలో మళ్లీ రాజుకుంది. స్థానిక ప్రభుత్వాల జోనింగ్ అధికారాలను, అంటే ఏ స్థలంలో ఏది కట్టవచ్చో నిర్ణయించే అధికారాలను, ఇంకా కుదించే ఆలోచనతో కేంద్ర టెలికం నియంత్రణ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2025 సెప్టెంబరు చివర్లో ప్రతిపాదనలు వెలువరించి, అభిప్రాయాలు కోరింది. ఈ కథను 1996 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టంతో మొదలుపెట్టడం పరిపాటి. అయితే నేటి తగవుకు అసలు మూలం 2018 సెప్టెంబరు 26న అదే కమిషన్ ఇచ్చిన ఉత్తర్వులో ఉంది.

టవర్లను ఎక్కడ పెట్టాలో నిర్ణయించే హక్కును 1996 చట్టం నగరాలకే ఉంచింది. నగరాల నిర్ణయాలు సెల్ సేవను ‘నిషేధించినట్టు’ కాకూడదని మాత్రం షరతు పెట్టింది. కమిషన్ ప్రమాణాలకు లోబడి ఉన్నంతవరకు రేడియేషన్ భయాన్ని కారణంగా చూపి అనుమతి నిరాకరించకూడదని కూడా చెప్పింది. ఈ సంగతి తెలియక, కౌన్సిల్ సమావేశాల్లో పిల్లల ఆరోగ్యం గురించి ఆవేదనతో మాట్లాడిన తల్లిదండ్రుల మాట చట్టం ముందు నిలవకుండా పోతుంది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఆల్ఫరెటా పక్కనే ఉన్న అట్లాంటా శివారు రోజ్‌వెల్, పైన్ చెట్టులా కనిపించేలా తలపెట్టిన 108 అడుగుల టవర్‌కు 2010లో అనుమతి నిరాకరించింది. కారణాలను దాదాపు అదే సమయంలో రాతపూర్వకంగా ఇవ్వలేదన్న లోపంతో 2015లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. అప్పటికి తగవు పద్ధతి గురించే తప్ప అధికారం గురించి కాదు.

‘నిషేధం’ అన్న మాటకు పలు అప్పీలు కోర్టులు చెప్పుకున్న అర్థం పరిమితమైనది: ఆ ప్రాంతంలో సిగ్నల్ లేని పెద్ద ఖాళీ ఉందని కంపెనీ చూపాలి. 2018 ఉత్తర్వు ఆ అర్థాన్ని మార్చివేసింది. ఇప్పటికే ఉన్న సేవను మెరుగుపరచుకోవడానికి, సామర్థ్యం పెంచుకోవడానికి గణనీయంగా అడ్డుపడినా అది నిషేధమేనని ప్రకటించింది. సిగ్నల్ బాగానే అందుతున్న వీధిలో కూడా ‘ఇక్కడ వద్దు’ అనే వీలు నగరానికి ఆ ఒక్క వ్యాఖ్యానంతో చాలావరకు సన్నగిల్లింది. చిన్న యాంటెన్నాలను ఉన్న స్తంభాలపై బిగించే దరఖాస్తులను 60 రోజుల్లో, కొత్త స్తంభాలైతే 90 రోజుల్లో తేల్చాలని గడువు విధించింది. ఒక్కో యాంటెన్నాకు ఏడాదికి 270 డాలర్ల వరకు రుసుము సమంజసమని, అంతకు మించితే నగరం తన అసలు ఖర్చును చూపాలని చెప్పింది.

5జీకి వేల సంఖ్యలో చిన్న యాంటెన్నాలు కావాలని, ఊరికో రుసుము ఉంటే పని సాగదని కంపెనీలు వాదించాయి. ఉత్తర్వు వల్ల 200 కోట్ల డాలర్లు ఆదా అవుతాయని కమిషన్ లెక్కగట్టింది.

నగరాల వైపు వాదనకు కాలిఫోర్నియాలోని శాన్ హోసే అనుభవమే ఉదాహరణ. ఆ ఏడాదే ఆ నగరం మూడు కంపెనీలతో ఒప్పందాలు చేసుకుని, స్తంభాల అద్దె నుంచి పేద కుటుంబాలకు ఇంటర్నెట్ అందించేందుకు 2.4 కోట్ల డాలర్ల నిధికి దారి వేసుకుంది. ప్రజల సొమ్ముతో నిలిపిన స్తంభాన్ని వ్యాపారానికి వాడుకునేవారు తగిన అద్దె ఇవ్వాలన్నదే దాని వాదన. కమిషన్ సలహా సంఘంలో కంపెనీల మాటే చెల్లుతోందంటూ మేయర్ శామ్ లికార్డో 2018 జనవరిలోనే అందులోంచి వైదొలిగారు. ఆ సంఘం కూర్పును చూసినవారికి ఆయన అభ్యంతరం అసమంజసమనిపించదు.

నగరాలు కోర్టుకు వెళ్లాయి. 2020 ఆగస్టులో పశ్చిమ రాష్ట్రాల కేసులు చూసే తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు రుసుములను, గడువులను సమర్థించింది. యాంటెన్నాల రూపురేఖలపై నగరాలు పెట్టే నిబంధనలకు కమిషన్ విధించిన హద్దుల్లో ముఖ్యమైనవాటిని మాత్రం కొట్టివేసింది.

2018 ఉత్తర్వును ముందుండి నడిపిన కమిషనర్ బ్రెండన్ కార్ 2025 జనవరి నుంచి కమిషన్ చైర్మన్. రుసుములు, గడువులతో పాటు రూపురేఖల అంశాన్ని కూడా కొత్త ప్రతిపాదనలు మళ్లీ తెరిచాయి. ఈసారి నగరాల చేతిలో ఒక కొత్త ఆధారం ఉంది. అస్పష్టమైన చట్టానికి ప్రభుత్వ సంస్థ చెప్పిన అర్థాన్నే కోర్టులు అంగీకరించాలన్న పాత సూత్రంపై టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ నగరం 2013లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. ఆ సూత్రాన్ని 2024 జూన్‌లో సుప్రీంకోర్టే రద్దు చేసింది. కాబట్టి ‘నిషేధం’ అన్న మాటకు 1996లో కాంగ్రెస్ ఉద్దేశించిన అర్థమేమిటో ఇకపై కోర్టులే స్వయంగా తేల్చాల్సి ఉంటుంది.