బుడగలు వస్తే చాలా? రసాయన మార్పుపై అపోహలు - వాస్తవాలు

కడప జిల్లాలో హైస్కూలు పిల్లలకు భౌతిక, రసాయన శాస్త్రాలు బోధిస్తాను. రసాయన మార్పును ఎలా గుర్తిస్తారని అడిగితే రంగు మారడం, వాయువు వెలువడడం, వేడి పుట్టడం, అవక్షేపం (ద్రావణంలోంచి విడిపడే గట్టి పదార్థం) ఏర్పడడం అంటూ పిల్లలు గడగడా అప్పజెబుతారు. అవన్నీ ఆనవాళ్లే తప్ప రుజువులు కావు. కొత్త పదార్థం పుట్టిందా లేదా అన్నదే తేల్చాలి.

అపోహ: బుడగలు వస్తే రసాయన మార్పే.

వాస్తవం: నీళ్లు మరిగినా బుడగలు వస్తాయి, సోడా మూత తీసినా వస్తాయి. మొదటిచోట నీరే ఆవిరవుతుంది, రెండోచోట ముందే కరిగి ఉన్న వాయువు బయటపడుతుంది. కొత్తగా పుట్టిందేమీ లేదు. తేడా చూపడానికి మన ఊళ్లలో ఇంటింటా పరిచే కడప బండే చాలు. అది సున్నపురాయి జాతిది. చిన్న ముక్కను దంచి, ఆ పొడిని పరీక్షనాళికలో వేసి సజల హైడ్రోక్లోరికామ్లం పోస్తే నురగ పొంగుతుంది. అక్కడితో ఆపకండి. వచ్చే వాయువును గొట్టం ద్వారా సున్నపు తేటలోకి పంపండి. తేట పాలలా తెల్లబడితే అది కార్బన్ డయాక్సైడు. ఆ తెల్లదనం కాల్షియం కార్బొనేటు, అంటే బండలో ఉన్న ముఖ్య పదార్థమే! వాయువును ఇంకా పంపుతూ ఉంటే తెల్లదనం విరిగి తేట మళ్లీ తేరుకుంటుంది. ఈ రెండో దశను చాలా తరగతి గదుల్లో చూపించరు. పిల్లలు కళ్లు పెద్దవి చేసి చూసేది మాత్రం దాన్నే.

అపోహ: చల్లబడినా, వేడెక్కినా రసాయన మార్పే.

వాస్తవం: యూరియాను నీళ్లలో కలిపితే బకెట్ చల్లబడుతుందని అనంతపురం వైపు రైతుబిడ్డలకు నేను చెప్పనక్కరలేదు. కానీ అది కరగడమే, నీరు ఆరిపోతే యూరియా మిగులుతుంది. పొడి సున్నంలో (కాల్షియం ఆక్సైడులో) నీళ్లు పోసినప్పుడు పుట్టే వేడి వేరు, అక్కడ కాల్షియం హైడ్రాక్సైడు అనే కొత్త పదార్థం తయారవుతుంది.

అపోహ: రసాయన మార్పును వెనక్కి తిప్పలేం.

వాస్తవం: పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడతాయి, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగుకు వస్తాయి. మైలుతుత్తాన్ని వేడిచేస్తే నీలం పోయి తెల్లబడుతుంది, చల్లారాక నీటిచుక్క వేస్తే నీలం తిరిగొస్తుంది.

అపోహ: ద్రావణంలో గట్టి పదార్థం ఏర్పడితే అది కొత్త పదార్థమే.

వాస్తవం: వేడి పటిక ద్రావణం చల్లారినా స్ఫటికాలు దిగుతాయి, అవి పటికే. బేరియం క్లోరైడు, సోడియం సల్ఫేటు ద్రావణాలను కలిపి చూడండి. రంగులేని రెండూ కలిసిన క్షణంలోనే తెల్లటి బేరియం సల్ఫేటు ఏర్పడుతుంది. ఉమ్మడి కడప జిల్లా మంగంపేట గనుల్లో తవ్వే ముగ్గురాయిలో ఉండేది ఇదే పదార్థం! బేరియం సల్ఫేటు నీటిలో కరగదు కాబట్టే కడుపు ఎక్స్‌రేల ముందు రోగులకు తాగించగలుగుతున్నారు. బేరియం క్లోరైడు మాత్రం విషం. ఈ ప్రయోగాన్ని ఉపాధ్యాయులే చేసి చూపాలి, పిల్లల చేతికి ఇవ్వకూడదు.