ఒకే ఫైలు, ఇద్దరి మార్పులు: మెర్జ్ వెనుక కథ

ఒకే ప్రోగ్రాము మీద ఇద్దరు విడివిడిగా పనిచేస్తే, ఎప్పటికైనా ఆ మార్పులను కలపక తప్పదు. ఆ కలపడమే మెర్జ్. మొదట్లో దీనికి మందుగా అసలు ఇద్దరినీ ఒకేసారి ముట్టుకోనివ్వలేదు. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కిండ్ మొదలుపెట్టిన ఎస్‌సీసీఎస్, 1980ల ఆరంభంలో పర్డ్యూ యూనివర్సిటీలో వాల్టర్ టిచీ చేసిన ఆర్‌సీఎస్ అనేవి ఫైళ్ల పాత, కొత్త రూపాలను దాచిపెట్టే ప్రోగ్రాములు. ఇవి ప్రధానంగా లాక్ మీదే నడిచాయి. లాక్ వేసినవాళ్లు తీసేదాకా మిగతావాళ్లు ఆగాల్సిందే.

ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ గ్రూన్‌కి అది కుదరలేదు. ఆయన ఇద్దరు విద్యార్థులతో కలిసి సీ కంపైలర్ (సీ భాషలో రాసిన కోడ్‌ని కంప్యూటర్ నడపగలిగేలా మార్చే ప్రోగ్రాము) మీద పనిచేస్తున్నారు, ముగ్గురి పనివేళలు మూడు రకాలు. ఆ అవసరంలోంచి పుట్టిన సీవీఎస్ 1986లో బయటికొచ్చింది. ఎవరి కాపీ వాళ్లు మార్చుకోవచ్చు, తర్వాత కలుపుకోవచ్చు.

కలపడానికి రెండు కాపీలు చాలవు. ఒకదాంట్లో వడ్డీ రేటు 8, ఇంకోదాంట్లో 9 ఉందనుకోండి. మార్చింది ఎవరు? ఇద్దరూ మొదలుపెట్టిన పాత కాపీలో 8 ఉంటే, 9 అన్నదే కొత్త మార్పని తేలుతుంది. పాతది 7 అయితే ఇద్దరూ మార్చినట్టే. అదే కాన్‌ఫ్లిక్ట్, మనిషే తేల్చాలి. 1979 నాటి యూనిక్స్‌లోనే డిఫ్3 అనే ప్రోగ్రాము మూడు కాపీలను ఇలా పోల్చేది.

అసలు చిక్కు ఆ పాత కాపీ ఏదో గుర్తుంచుకోవడంలో వచ్చింది. ఒక బ్రాంచ్‌ని, అంటే విడిగా సాగే మార్పుల వరుసని, ఇంతకుముందు ఎక్కడిదాకా కలిపారో సీవీఎస్ రాసుకునేది కాదు. మనుషులే ట్యాగులు (గుర్తు పేర్లు) పెట్టుకుని లెక్క చూసుకోవాలి, లేదంటే కలిపిందే మళ్లీ కలిపి కాన్‌ఫ్లిక్టులతో తల పట్టుకోవాలి. దాని తర్వాత వచ్చిన సబ్‌వర్షన్‌కి కూడా ఆ లెక్క 2008లో 1.5 వెర్షన్‌తో గానీ రాలేదు.

ఈలోగా లినక్స్ కెర్నల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) రాసేవాళ్లు 2002 నుంచి ఇలాంటిదే అయిన బిట్‌కీపర్ వాడారు. 2005 ఏప్రిల్‌లో దాని ఉచిత వాడకం ఆగిపోవడంతో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ దాని స్థానంలో గిట్ మొదలుపెట్టారు. అందులో ప్రతి మెర్జ్ తన తల్లి కమిట్లు (తాను కలిపిన, అంతకుముందు భద్రపరిచిన మార్పులు) ఏవో తనలోనే రాసుకుంటుంది. కాబట్టి ఆ పాత కాపీ ఏదో గిట్టే వెతుక్కుంటుంది. నా దృష్టిలో మెర్జ్ భయాన్ని పోగొట్టింది ఈ ఒక్క ఏర్పాటే.

అయినా గిట్ చూసేది పాఠాన్నే, అర్థాన్ని కాదు. ఒకరు ఫంక్షన్ పేరు మారుస్తారు, మరొకరు వేరే ఫైల్లో పాత పేరుతోనే దాన్ని కొత్తగా పిలుస్తారు. మెర్జ్ ఒక్క కాన్‌ఫ్లిక్ట్ లేకుండా అయిపోతుంది, ప్రోగ్రాము మాత్రం పనిచేయదు. అందుకే ఇప్పుడు చాలా టీములు కలిపిన కోడ్ మీద టెస్టులు నడిపాకే ప్రధాన బ్రాంచ్‌లోకి రానిస్తున్నాయి. గిట్ ప్రాజెక్టులను ఉంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్ 2023లో పూర్తిస్థాయిలో తెచ్చిన మెర్జ్ క్యూ చేసేది ఇదే. అయినా పాత పేరుతో పిలిచిన ఆ చోటు దాకా వెళ్లే టెస్టు ఎవరూ రాయకపోతే, కొన్ని భాషల్లో ఈ తప్పు ప్రోగ్రాము నడిచేదాకా బయటపడదు.