విదేశాల నుంచి ఎలక్ట్రానిక్ విడిభాగాలు: షిప్పింగ్ ఖర్చుపై అపోహలు - వాస్తవాలు

రెండు మైక్రోకంట్రోలర్లు, ఒక సెన్సార్ బోర్డు, గుప్పెడు రెసిస్టర్లు. అన్నీ కలిపినా అరచేతిలో పడతాయి. బిల్లులో చూస్తే సరుకు కంటే షిప్పింగే ఎక్కువ. కొందరు అక్కడితో ఆపేస్తారు, కొందరు అన్నిటికంటే చౌకగా ఉన్న ఆప్షన్ నొక్కేస్తారు. రెండూ తొందరపాటే. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాన్ని తగ్గించే వీలు చాలావరకు మన చేతిలోనే ఉంటుంది.

అపోహ: బరువు లేని సరుకు కాబట్టి షిప్పింగ్ తక్కువే పడాలి

ఎక్స్‌ప్రెస్ కొరియర్లు రెండు బరువులు చూస్తాయి. ఒకటి తూకం. రెండోది పెట్టె ఎంత చోటు తింటుందన్న లెక్క, అంటే వాల్యూమెట్రిక్ వెయిట్. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే అది కిలోల్లో వస్తుంది. కొన్ని సర్వీసులు 6000తో భాగిస్తాయి. తూకం, ఈ లెక్క రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. అదీ సాధారణంగా అరకిలో చొప్పున పైకి సర్ది వేస్తారు.

200 గ్రాముల సరుకును 30×20×10 పెట్టెలో పెడితే 6000ను 5000తో భాగించి 1.2 కిలోలు, అంటే 1.5 కిలోల బిల్లు. అదే సరుకు 20×15×8 పెట్టెలో వస్తే 0.48, అంటే అరకిలో. తేడా అంతా పెట్టెలోని ఖాళీదే. ఆర్డరు నోట్‌లో 'వీలైనంత చిన్న పెట్టెలో పంపండి' అని ఒక్క ముక్క రాయడం దండగ కాదు. చిన్న అమ్మకందార్లు చాలామంది వింటారు.

ఈ లెక్కలో ఎక్కువగా దెబ్బతీసేవి రీళ్లు (చిన్న భాగాలను వరసగా అమర్చిన టేపు చుట్టిన చక్రాలు), స్టెన్సిళ్లు (బోర్డు మీద సోల్డర్ పేస్ట్ పూయడానికి వాడే చిల్లుల రేకులు). 13 అంగుళాల రీలు అడ్డంగా 33 సెంటీమీటర్లు ఉంటుంది. దానికి 35×35×5 పెట్టె వాడినా 1.5 కిలోల బిల్లు పడుతుంది. వంద ముక్కలు చాలనుకుంటే కట్ టేప్ (రీలు నుంచి కత్తిరించిన టేపు ముక్క) తీసుకోండి, అది చుట్టగా చుట్టి కవరులో వచ్చేస్తుంది.

సోల్డర్ పేస్ట్ స్టెన్సిల్ సంగతి ఇంకా దారుణం. అల్యూమినియం ఫ్రేముతో వచ్చే 37×47 సెంటీమీటర్ల స్టెన్సిల్‌కు 50×40×5 పెట్టె కావాలి, అంటే 2 కిలోల బిల్లు. చేత్తో పేస్ట్ పూసేవారికి ఆ ఫ్రేముతో పనే లేదు. 'ఫ్రేము వద్దు, బోర్డు చుట్టూ ఇంత అంచు వదిలి కత్తిరించండి' అని కొలతలతో సహా రాయండి. కొలత ఇవ్వకపోతే పెద్ద షీటే వచ్చే ప్రమాదం ఉంది. వచ్చాక పని సులువే. కొత్త బోర్డు మందమే ఉన్న పాత పీసీబీ (సర్క్యూట్ బోర్డు) ముక్కలు రెండిటిని బల్లకు టేపుతో అతికించి, వాటి మూలలో కొత్త బోర్డును కదలకుండా బిగించండి. పైన స్టెన్సిల్‌కు ఒక వైపు మాత్రమే టేపు వేస్తే అది తలుపులా లేచి పడుతుంది. ఒకసారి సరిచూసుకుంటే చాలు, వరసగా పది బోర్డులు పూయవచ్చు.

అపోహ: పీసీబీలు ఎన్ని ఎక్కువ తీసుకుంటే అంత లాభం

బోర్డు ధర విషయంలో నిజమే. షిప్పింగ్ మాత్రం మెట్లు మెట్లుగా పెరుగుతుంది. 10×10 సెంటీమీటర్ల 1.6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎఫ్‌ఆర్4 (గ్లాస్ ఫైబర్) బోర్డు ఘనపరిమాణం 16 ఘన సెంటీమీటర్లు, బరువు సుమారు 30 గ్రాములు. పదికి 300 గ్రాములు. పదిహేనుకు 450, పెట్టె, బబుల్ ర్యాప్ కలిపితే అరకిలో గీత దాటిపోవచ్చు. కాబట్టి పది దగ్గర ఆగండి. లేదా గీత ఎలాగూ దాటుతుందనుకుంటే పై మెట్టు నిండేలా తీసుకోండి.

మందం తగ్గించడం ఇంకో దారి. 1.0 మిల్లీమీటర్ బోర్డు 19 గ్రాముల లోపే ఉంటుంది, ఇరవై కలిపినా 400 గ్రాములు దాటవు. అయితే సన్నబోర్డు వంగుతుంది. బరువైన కనెక్టర్ లాగినప్పుడు పక్కనున్న సిరామిక్ కెపాసిటర్ పగిలిపోవచ్చు, పైకి ఏమీ కనబడకపోవచ్చు. స్లాట్‌లోకి దూర్చే ఎడ్జ్ కనెక్టర్ బోర్డు 1.6 మిల్లీమీటర్ల కోసమే డిజైన్ అయితే మందం తగ్గించే జోలికి అసలు పోవద్దు.

అపోహ: ఫ్రీ షిప్పింగ్ అంటే షిప్పింగ్ ఖర్చు లేనట్టే

ఆ ఖర్చు ఒక్కో ముక్క ధరలో కలిసిపోయి ఉంటుంది. ఒక మాడ్యూల్ ఫ్రీ షిప్పింగ్‌తో 5 డాలర్లు, మరోచోట 3, దానిపై మొత్తం ఆర్డరుకు షిప్పింగ్ 4 అనుకుందాం. ఒకటే కొంటే 5కు 7, ఫ్రీయే మేలు. రెండు కొంటే సమానం. పది కొంటే 50కి 34. ఒకటీ అరా కావాల్సినప్పుడు ఫ్రీ షిప్పింగ్ నిజంగానే మంచి బేరం. సంఖ్య పెరిగేకొద్దీ అది ఎదురు తిరుగుతుంది.

అపోహ: పోస్టు ఎప్పటికీ చౌకే

2 కిలోల లోపు చిన్న ప్యాకెట్లు చౌకగా రావడానికి కారణం దేశాల పోస్టల్ శాఖలు ఒకదానికొకటి చెల్లించుకునే టెర్మినల్ డ్యూస్ తక్కువగా ఉండటమే. 2019 సెప్టెంబరులో జెనీవాలో జరిగిన యూనివర్సల్ పోస్టల్ యూనియన్ ప్రత్యేక సమావేశం ఆ రేట్లు పెంచుకోవడానికి దారి తెరిచింది. కాబట్టి పాత రేట్లను గుర్తుపెట్టుకుని అంచనా వేయకండి. తేలికైన కవరుకు ఇప్పటికీ మొదట చూడాల్సింది పోస్టునే, కాకపోతే ట్రాకింగ్ ఉన్న సర్వీసు ఎంచుకోండి.

అపోహ: షిప్పింగ్ కట్టేశాం, ఇక ఖర్చు అయిపోయింది

చాలా దేశాల్లో కస్టమ్స్ సుంకం సరుకు ధర, రవాణా, బీమా మూడూ కలిపిన మొత్తం మీద లెక్కిస్తారు. ఖరీదైన కొరియర్ ఎంచుకుంటే సుంకం కూడా దానితోపాటే పెరుగుతుంది. పైగా కొరియర్ సంస్థ ముందుగా పన్ను కట్టి, ఆ సేవకు విడిగా రుసుము వేస్తుంది. చిన్న ఆర్డరుకు ఆ రుసుమే పన్నును మించిపోవచ్చు. చెకౌట్‌లో డీడీపీ అని ఉంటే పన్నులు అమ్మకందారే కడతారు. డీఏపీ అంటే గుమ్మం దగ్గర మీరే కట్టాలి. రెండు ధరలు పోల్చేముందు ఇది చూసుకోవాలి.

'ఇంత లోపు అయితే పన్ను ఉండదు' అన్న పాత సలహాలు నమ్మి ఆర్డరు పెట్టకండి. యూరోపియన్ యూనియన్ 22 యూరోల వ్యాట్ మినహాయింపును 2021 జులై 1న ఎత్తేసింది. అమెరికా 800 డాలర్ల మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి నిలిపేసింది. మీ దేశపు నిబంధన కస్టమ్స్ సైట్‌లోనే చూడండి.

ఇక 'గిఫ్ట్' అని రాయించడం, ధర తగ్గించి చూపించడం. కొన్న సరుకు గిఫ్ట్ కాదు, అది తప్పుడు డిక్లరేషన్. పట్టుబడితే జరిమానా. ప్యాకెట్ పోతే పరిహారం కూడా రాసిన విలువను దాటదు. దానికి బదులు వివరం సరిగ్గా రాయమనండి. 'పార్ట్స్' అని రాసిన ప్యాకెట్‌ను ఆపి ప్రశ్నలు వేసే అవకాశం ఎక్కువ. 'ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లు, 8542' అనో 'రెసిస్టర్లు, 8533' అనో హెచ్‌ఎస్ కోడ్‌తో (కస్టమ్స్ వాడే సరుకు వర్గీకరణ సంఖ్యతో) ఉంటే పని త్వరగా తెములుతుంది.

అపోహ: బ్యాటరీ కూడా అదే ఆర్డరులో వేసేస్తే కలిసొస్తుంది

రాదు. విడిగా పంపే లిథియం అయాన్ సెల్స్ యూఎన్ 3480 అనే ప్రమాదకర సరుకు వర్గం కిందికి వస్తాయి. 2016 ఏప్రిల్ 1 నుంచి వాటిని ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపకూడదు. ఒక్క సెల్ వల్ల పెట్టె మొత్తం ఖరీదైన సర్వీసుకు మారుతుంది, లేదా ఆర్డరే రద్దవుతుంది. హోల్డర్, ఛార్జర్ మాడ్యూల్ తెప్పించుకోండి, సెల్ మాత్రం దగ్గర్లో కొనండి.

అపోహ: ఒకే కార్టు అంటే ఒకే పెట్టె

మార్కెట్‌ప్లేస్‌లో ఒక్కో అమ్మకందారుకు ఒక్కో పార్సిల్, ఒక్కో ఛార్జీ. పెద్ద డిస్ట్రిబ్యూటర్ల దగ్గర కూడా ఒక భాగం స్టాకు లేకపోతే మిగతావి ముందు పంపి, అది వచ్చాక మళ్లీ పంపుతారు. రెండోసారి ఛార్జీ పడుతుందో లేదో ముందే చూసి, అవసరమైతే 'అన్నీ కలిపి పంపండి' అన్న ఆప్షన్ పెట్టండి.

అపోహ: ఖర్చు తగ్గించడమంటే చౌక కొరియర్‌ను వెతకడమే

అన్నిటికంటే ఖరీదైన షిప్పింగ్, మర్చిపోయిన ఒక్క భాగం కోసం పెట్టే రెండో ఆర్డరుదే. కాబట్టి చెకౌట్‌కు ముందు బీఓఎంను (భాగాల జాబితాను) స్కీమాటిక్‌తో (సర్క్యూట్ చిత్రంతో) వరస వరస పోల్చండి. ఎక్కువగా తప్పిపోయేవి ఇవే: ఐసీ (చిప్) పక్కన పెట్టాల్సిన 100 నానోఫారడ్ కెపాసిటర్లు, క్రిస్టల్ లోడ్ కెపాసిటర్లు, కనెక్టర్ రెండో సగం. హౌసింగ్ (కనెక్టర్ ప్లాస్టిక్ తొడుగు) తెప్పించి, లోపల వైరుకు క్రింప్ చేసే (నొక్కి బిగించే) కాంటాక్టులు మర్చిపోవడం మరీ తరచు. జేఎస్‌టీ కంపెనీ ఎక్స్‌హెచ్ రకం కనెక్టర్ పిచ్ (పిన్నుల మధ్య దూరం) 2.50 మిల్లీమీటర్లు, పీహెచ్‌ది 2.00. ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి, బోర్డులో మాత్రం ఒకదాని చోట మరొకటి కూర్చోదు. అతి చిన్న 0603 సైజు రెసిస్టర్లు, కెపాసిటర్లు లెక్కకు పది చొప్పున అదనంగా వేసుకోండి. ట్వీజర్ నుంచి ఎగిరిన ముక్క మళ్లీ దొరకదు, ఆ పది కలిపినా ఒక గ్రాము బరువు ఉండవు.