వడ్డించే చెయ్యి ఎవరిది? పిల్లలకు నాయనమ్మ ఉత్తరం

పిల్లలూ,

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో, నేను ప్రతి గురువారం సరుకుల సంచులు కట్టడానికి వెళ్తున్నానని చెప్పగానే మీరందరూ ఒక్కసారే అడిగారు, "నాయనమ్మా, ఆస్ట్రేలియా అంత డబ్బున్న దేశం కదా, అక్కడ కూడా తిండి లేనివాళ్ళుంటారా?" అని. ఇంతలో ఫోన్ కట్ అయింది. అయినా ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు ఇది, అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ఉంటారర్రా. అందులోనూ ఈ నేల మొదట ఎవరిదో వాళ్ళలోనే ఎక్కువమంది ఉంటారు. 2012-13లో ఇక్కడి ప్రభుత్వం చేసిన సర్వేలో, ఆ ఏడాది ఇంట్లో తిండి గింజలు అయిపోయి మళ్ళీ కొనుక్కోవడానికి డబ్బుల్లేని ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు ఆదివాసుల్లో నూటికి 22 మంది అని తేలింది. మిగతా జనంలో నూటికి నలుగురు కూడా లేరు. ఒకే దేశం, ఒకే సూపర్ మార్కెట్లు, ఇంత తేడా ఎందుకొచ్చిందో తెలుసుకోకుండా నా సంచుల సంగతి చెబితే మీకు అర్థం కాదు.

ఇక్కడి ఆదివాసులను అబోరిజినల్ ప్రజలు అంటారు. 60 వేల ఏళ్ళకు పైగా ఇక్కడ ఉన్నవాళ్ళు, 250కి పైగా భాషలు మాట్లాడినవాళ్ళు. మన ఊరి చెరువు గట్టు మీద జామాయిల్ చెట్లున్నాయి చూశారా, అవి ఈ దేశం నుంచి వచ్చినవే. మన తుమ్మకు చుట్టమయ్యే వాటిల్ చెట్ల గింజలను వీళ్ళు వేయించి పిండి చేసుకుని రొట్టె కాల్చుకునేవాళ్ళు. చేపలు, కంగారూ మాంసం, రకరకాల దుంపలు, తేనె, ఇలా ఏ కాలంలో ఎక్కడ ఏం దొరుకుతుందో ఇంట్లో ముసలమ్మలకు తెలుసు. 1788లో ఇంగ్లీషువాళ్ళు వచ్చి దిగారు, వెనకే గొర్రెలూ పశువులూ వచ్చాయి. దక్షిణాన విక్టోరియాలో మర్‌నాంగ్ అని ముల్లంగిలాంటి దుంప ఒకటి ఉండేది, ఆడవాళ్ళు పొడుగాటి కర్రలతో తవ్వి తెచ్చేవాళ్ళు. గొర్రెల మందలు దాన్ని వేళ్ళతో సహా మేసేసి, కొన్నేళ్ళలోనే దాదాపు కనిపించకుండా చేశాయి. నేల పోయింది, నేలతో పాటే వంటిల్లూ పోయింది.

తర్వాత వీళ్ళను చర్చివాళ్ళు నడిపే మిషన్లలో, స్టేషన్లు అనే పెద్ద పెద్ద పశువుల క్షేత్రాల్లో పెట్టి రేషన్ ఇచ్చారు. మనకు రేషన్ అంటే కార్డు ఉంటుంది, 2013 చట్టంతో అది హక్కు కూడా అయింది. వీళ్ళకు రేషన్ అంటే అది కాదు. గోధుమపిండి, చక్కెర, టీ ఆకు, కొంచెం ఉప్పు మాంసం, పొగాకు, చాలాచోట్ల కూలి డబ్బుకు బదులు ఇవే ఇచ్చేవాళ్ళు. చెప్పినట్టు వినకపోతే అదీ ఆపేసేవాళ్ళు. 1966లో వేవ్ హిల్ అనే పశువుల స్టేషన్‌లో విన్సెంట్ లింగియారి అనే పెద్దాయన గురింజి అనే ఆదివాసీ తెగవాళ్ళను సుమారు 200 మందిని వెంటబెట్టుకుని పని మానేసి బయటికి నడిచాడు. మొదట అందరూ కూలి కోసమే అనుకున్నారు, వాళ్ళు అడిగింది తమ నేల. తొమ్మిదేళ్ళు పట్టింది. 1975లో ప్రధాని విట్లం వచ్చి గుప్పెడు మట్టి తీసి ఆయన అరచేతిలో పోశాడు. ఆ ఫొటో వెతికి చూడండి.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి.

మేముండే బ్లాక్‌టౌన్ సిడ్నీకి పడమట ఉంది. మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, అబోరిజినల్ కుటుంబాలూ చాలా ఉన్నాయి. నేను వెళ్ళే సెంటర్‌ను నడిపేది వాళ్ళ మనుషులే. మొదటివారం ఒకమ్మాయి చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చింది. నేను మన అలవాటు కొద్దీ, ప్రేమగానే, "ఎంతమంది పిల్లలమ్మా, మీ ఆయన ఏం చేస్తాడు, ఇంట్లో బియ్యం ఉన్నాయా?" అని వరసగా అడిగేశాను. ఆ అమ్మాయి మొహం బిగుసుకుపోయింది. సంచి తీసుకోకుండానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం అన్నీ సర్దేశాక సెంటర్ పెద్దావిడ నాకు టీ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. అందరూ ఆమెను ఆంటీ అంటారు. మన దగ్గర కొత్తవాళ్ళను ఊరికే పిలిచే ఆంటీ కాదిది, వాళ్ళలో అది గౌరవం, పెద్దమ్మా అన్నట్టు. ఆవిడ కోప్పడలేదు. "మా చిన్నప్పుడు ఇవే ప్రశ్నలు వెల్ఫేర్ వాళ్ళు, అంటే పిల్లల బాగోగులు చూసే సర్కారు మనుషులు, వచ్చి అడిగేవాళ్ళు. వంటింట్లో అల్మారా తలుపు తీసి చూసేవాళ్ళు. అల్మారా ఖాళీగా ఉంటే పిల్లల్ని సరిగ్గా చూసుకోవట్లేదని రాసుకుని, పిల్లల్ని తీసుకుపోయేవాళ్ళు" అంది. నాకు టీ గొంతు దిగలేదు.

ఇది ఒక ఇంటి కథ కాదు. చట్టాలు చేసి మరీ, సుమారు 1970 వరకూ, తరాల పాటు పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి విడదీశారు. 2008లో ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో నిలబడి దేశం తరఫున క్షమాపణ చెప్పాడు. మా ఊరికి ఆ పేరెలా వచ్చిందో అప్పుడే తెలుసుకున్నాను. 1823లో ఆదివాసీ పిల్లల్ని ఇంటికి దూరంగా పెట్టి తెల్లవాళ్ళ పద్ధతులు నేర్పే స్కూలు ఒకటి ఇక్కడికి మార్చారు, దాని చుట్టుపక్కల చోటును బ్లాక్ టౌన్ అని పిలిచారు. ఆ స్థలాన్ని 2018లో ధరుగ్ ప్రజలకు, అంటే ఈ చోటి ఆదివాసులకు, తిరిగి ఇచ్చారు. నేను ఎన్నోసార్లు ఆ రోడ్డు మీద కారులో వెళ్ళాను, ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు.

కాబట్టి పిల్లలూ, "సరుకులు ఇచ్చేస్తే అయిపోతుంది కదా" అని మీలో ఒకరు అన్నారు చూడండి, అక్కడే ఉంది అసలు సంగతి. ఆకలితో ఉన్న మనిషికి తిండి కావాలి, నిజమే. కానీ పిల్లల్ని తీసుకుపోతారేమో అని భయపడే తల్లి, ఎంత ఆకలైనా ఆఫీసు గుమ్మం ఎక్కదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదంటాం కదా. మనం ఆ సామెతను పక్షపాతం గురించి వాడతాం, నాకు మాత్రం ఇప్పుడు దానిలో ఇంకో అర్థం కనిపిస్తోంది. వడ్డించే చెయ్యి తనవాళ్ళదైతే మనిషి ధైర్యంగా బంతిలో కూర్చుంటాడు.

ఈ సంగతి వీళ్ళు 50 ఏళ్ళ కిందటే పట్టుకున్నారు. సిడ్నీలో రెడ్‌ఫర్న్ అనే పేటలో 1971లో వీళ్ళే సొంతంగా ఆసుపత్రి మొదలుపెట్టారు, దేశంలో అలాంటిది అదే మొదటిది. మందు రాసిచ్చినంత మాత్రాన, ఇంట్లో తినడానికి ఏమీ లేకపోతే రోగం మళ్ళీ తిరిగొస్తుందని వాళ్ళకు త్వరగానే తెలిసొచ్చింది. అందుకే కూరగాయలు ఇళ్ళకు పంపారు. అదే పేటలో ఆ రోజుల్లోనే స్కూలుకెళ్ళే పిల్లలకు పొద్దున్నే టిఫిన్ పెట్టడం కూడా మొదలైంది.

ఆ ఆసుపత్రి పెట్టినవాళ్ళలో షిర్లీ స్మిత్ అనే ఆవిడ ఉంది. మూర్ఛ వ్యాధి వల్ల బడికి సరిగ్గా వెళ్ళలేకపోయింది. జైల్లో ఉన్న తన తోడబుట్టినవాణ్ణి చూడ్డానికి వెళ్తూ, అక్కడ ఎవరూ లేని మిగతా కుర్రాళ్ళనూ పలకరించడం మొదలుపెట్టింది. "నువ్వు వీడికి ఏమవుతావు?" అని అధికారులు అడిగితే "వాడి అమ్మను" అనేదట. అలా లోకమంతా ఆమెను మమ్ షర్ల్ అంది. ఇల్లు లేని పిల్లల్ని అరవైమందికి పైగా తెచ్చి పెంచింది. నాకు ఈవిడ కథ చదువుతుంటే డొక్కా సీతమ్మగారు గుర్తొచ్చారు. గోదావరి లంకల్లో వేళ కాని వేళ వచ్చినవాళ్ళకు కూడా పొయ్యి వెలిగించిన తల్లి. ఇద్దరి దేశాలూ కాలాలూ వేరు, చెయ్యి ఒకటే.

ఇంకో సంగతి మీకు నచ్చుతుంది, లెక్కలు ఇష్టం కదా. మా సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోనే ఉత్తరాన ఒక ఆదివాసీ వైద్య సంస్థ, పిల్లలున్న ఇళ్ళకు వారం వారం పళ్ళూ కూరగాయల పెట్టె ఇచ్చింది. 40 డాలర్ల పెట్టెకు ఆ ఇల్లు కట్టేది 5 డాలర్లే. ఉచితంగా ఎందుకివ్వలేదంటారా? నా మటుకు నాకు ఆ 5 డాలర్లే ముఖ్యం అనిపిస్తుంది, కొనుక్కున్నది కాబట్టి తల ఎత్తుకుని తెచ్చుకోవచ్చు. దాంతో పాటు పిల్లల చెవులు, పళ్ళు, ఒళ్ళు పరీక్ష చేశారు. ఏడాది తర్వాత చూస్తే పిల్లలకు జబ్బులు చేసి డాక్టరు దగ్గరికి రావడం తగ్గింది, యాంటీబయాటిక్ మందులు రాయడం తగ్గింది.

దూరపు ఊళ్ళలో కష్టం వేరు. ఎడారిలోనో ఉత్తరాన సముద్రం పక్కనో ఊరికి ఒక్కటే షాపు. సరుకు లారీలోనో పడవలోనో రావాలి, వానాకాలంలో రోడ్లు మూసుకుపోతాయి, క్యాబేజీ వచ్చేసరికి వాడిపోయి, ధర మాత్రం సిటీకి మించి ఉంటుంది. ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్ అనే ప్రాంతంలో 1972 నుంచి ఆదివాసుల సంస్థే షాపులు నడుపుతోంది. చక్కెర, మైదా తిండితో షుగరు జబ్బు, దాంతో కిడ్నీలు పాడవడం ఈ ఊళ్ళలో చాలా ఎక్కువ. ఎడారిలో కింటోర్ అనే ఊరివాళ్ళు డయాలసిస్ కోసం సుమారు 500 కిలోమీటర్ల దూరంలోని ఆలిస్ స్ప్రింగ్స్‌లోనే ఉండిపోవాల్సి వచ్చేది, ముసలివాళ్ళు ఇంటి మీద బెంగతో కుంగిపోయేవాళ్ళు. ఏం చేశారో తెలుసా, ఊళ్ళో చిత్రకారులు బొమ్మలు వేసి 2000లో వేలం పెట్టారు, పది లక్షల డాలర్లకు పైగా వచ్చాయి, ఆ డబ్బుతో డయాలసిస్ యంత్రాలను తమ ఊళ్ళోకే తెచ్చుకున్నారు. సొంత మట్టి మీద, సొంత మనుషుల మధ్య ఉండటం కూడా వాళ్ళకు వైద్యమే.

ఆ చంటిబిడ్డ తల్లి మళ్ళీ వచ్చిందా అని అడుగుతారు, తెలుసు. మూడు వారాల తర్వాత వచ్చింది. ఆంటీ తన మనిషితో కబురు పంపిందట. ఈసారి నేనేమీ అడగలేదు. టీ పెట్టిచ్చాను, బిడ్డను కాసేపు ఎత్తుకోనా అన్నట్టు చేతులు చాపాను, ఇచ్చింది. తను కూర్చుని ఆంటీతో వాళ్ళ అమ్మమ్మ ఊరి గురించి చాలాసేపు మాట్లాడింది. వెళ్ళేటప్పుడు సంచి తీసుకుంది.

వచ్చే గురువారం గుమ్మడికాయలు వస్తాయట, కోసి ముక్కలు చేసి సర్దాలి, కాబట్టి తొందరగా వెళ్ళాలి. ఏ ఇంటికి ఎన్ని సంచులో ఆంటీకి తెలుసు. నేను కట్టి బల్ల మీద పెడతాను.

ఆశీస్సులతో,
మీ నాయనమ్మ